ఎక్కడ్నుంచి మాట్లాడుతున్నారు? - ఫోన్ హారర్ సినిమాలు పెదనాన్నతో కలిసి చూసిన రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది ఒక్క సినిమా రివ్యూ కాదు, మూడు వారాల్లో చూసిన పదీ పదకొండింటి రివ్యూ, అన్నిట్లోనూ దెయ్యం కంటే ముందు ఫోన్ వస్తుంది. ప్లాన్ చేసుకుని చూసినవేం కాదు. మా పెదనాన్నకి మోకాలి ఆపరేషన్ అయ్యింది, నాకేమో వర్క్ ఫ్రం హోమ్, సరే తోడుగా ఉంటానని రాజమండ్రి వెళ్ళా. హాల్లో ఓ పక్క ఆయన మంచం, ఓ పక్క నేను, ఎదురుగా టీవీ. మొదటి రోజు రాత్రి ఆయన నిద్రపోయాడు కదా అని నా మానాన నేను బ్లాక్ క్రిస్మస్ పెట్టుకున్నా. 1974లో తీసిన అసలుది, తర్వాత వచ్చిన రీమేక్‌లు కాదు. సినిమాలో ఫోన్ మోగింది, పాత గంట ఫోన్, ట్రింగ్ ట్రింగ్ అని. ఈయన కళ్ళు తెరవకుండానే "ఎవరిదిరా ఆ ఇన్‌స్ట్రుమెంటు, బెల్లు శుభ్రంగా మోగుతోందే" అన్నాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా పెదనాన్న టెలిఫోన్స్‌లో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు, లైన్‌మేన్‌గా చేరి ఫోన్ మెకానిక్ అయ్యాడు. స్తంభాలెక్కాడు, ఎక్స్‌ఛేంజిలో కూర్చున్నాడు, గోదావరి వరదల్లో మోకాల్లోతు నీళ్ళలో కేబుల్ జాయింట్లు విప్పాడు. ఈయనకి దెయ్యమంటే భయం లేదు, భక్తీ లేదు. కానీ సినిమాలో ఫోన్ విషయంలో తప్పు చూపిస్తే మాత్రం సహించడు. అలా అనుకోకుండా నాకు మంచి పార్టనర్ దొరికాడు, వరసపెట్టి చూసేశాం, పెద్దమ్మ మాత్రం మొదటిరోజే "మీరూ మీ అరుపులూ" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

బ్లాక్ క్రిస్మస్ గురించే ఎక్కువ రాస్తా, ఎందుకంటే నాకు నచ్చింది అదే, ఆయనకి నచ్చింది కూడా అదే, కాకపోతే కారణాలు వేరు. బాబ్ క్లార్క్ డైరెక్టర్, కెనడా సినిమా, టొరంటోలో తీశారు. కాలేజీ అమ్మాయిలుండే హాస్టల్ లాంటి ఇల్లు, క్రిస్మస్ సెలవులు, ఒక్కొక్కళ్ళు ఊళ్ళకెళ్ళిపోతున్నారు, ఫోన్‌కి ఒకడు అస్తమానం చేస్తుంటాడు. ఆ కాల్స్ ఎంత దరిద్రంగా ఉంటాయో చెప్పలేను, ఒకడే రెండు మూడు గొంతులతో మాట్లాడతాడు, ఏడుస్తాడు, ఆడగొంతుతో అరుస్తాడు, బూతులు తిడతాడు, సడెన్‌గా మామూలు గొంతులోకి వచ్చి చంపేస్తానంటాడు. ఆ మామూలు గొంతు దగ్గరే నాకు ఒళ్ళు జలదరించింది. వాడి మొహం సినిమా మొత్తంలో సరిగ్గా చూపించరు, ఎవడో ఎందుకు చేస్తున్నాడో చెప్పరు. ఇప్పుడైతే వాడి చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్ పావుగంట పెట్టి మన మీద రుద్దేవాళ్ళు.

ఇందులో గొప్పదనం ఏంటంటే వాడు అదే ఇంట్లో అటక మీద ఉన్నాడని మనకి మొదటి సీన్‌లోనే తెలిసిపోతుంది, కెమెరా వాడి కళ్ళతోనే గోడెక్కి కిటికీలోంచి లోపలికి దూరుతుంది. కాబట్టి ఇది స్పాయిలర్ కాదు, తిట్టుకోకండి. తెలియనిది ఆ అమ్మాయిలకే. వాడు పైనుంచి చేస్తున్న ఫోన్ కింద మోగుతోంది, వీళ్ళేమో ఎక్కడో ఊళ్ళో తిరిగే వెధవ అనుకుంటున్నారు. మనకి తెలిసిన ఆ సంగతి వాళ్ళదాకా వెళ్ళడానికి సినిమా అంతా పడుతుంది. అది వెళ్ళాల్సింది ఒక వైరు మీదుగా.

ఆ వైరు సీన్ వచ్చింది, పెదనాన్న లేచి కూర్చున్నాడు, మోకాలు సంగతి మర్చిపోయి. పోలీసులు కాల్ ట్రేస్ చేయిస్తుంటారు, ఎక్స్‌ఛేంజిలో ఒకాయన ర్యాకుల మధ్య పరిగెడుతుంటాడు, చుట్టూ టకటక టకటక మని స్విచ్చులు, ఆ అమ్మాయిని వాడితో మాట్లాడుతూనే ఉండమంటారు, పెట్టేస్తే ఇంకోసారి మొదట్నుంచి. "ఆపు ఆపు వెనక్కి తిప్పు" అన్నాడు. మూడుసార్లు చూశాం ఆ సీన్ ఒక్కటే. నేను అప్పటిదాకా ఈ లైన్‌లో ఉంచండి అనేది సినిమావాళ్ళు టెన్షన్ కోసం కనిపెట్టిన గిమ్మిక్ అనుకునేవాణ్ణి. కాదంట. పాత ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజిలో డయల్ తిప్పినప్పుడు ఒక్కో అంకెకి ఒక్కో సెలెక్టర్ కదిలి నిలబడుతుందట, అలా మెట్టు మెట్టుగా అవతలి నంబర్ దాకా ఒక దారి ఏర్పడుతుంది, మాట్లాడుతున్నంతసేపూ ఆ దారి అలాగే పట్టుకుని ఉంటుంది, వాడు పెట్టేశాడా మొత్తం ఊడిపోతుంది, ఇక నువ్వు వెతకడానికి ఏమీ మిగలదు. "ఒక మనిషి నడుచుకుంటూ ఒక్కో ర్యాకు దగ్గరా చూసుకుంటూ వెనక్కెళ్ళాలిరా, మేమూ అంతే చేసేవాళ్ళం, ఎస్పీ ఆఫీసు నుంచి లెటర్ వస్తే మెలీషియస్ కాల్, అంటే వేధించే కాల్, అని రాసుకుని" అన్నాడు. అంటే ఆ పరిగెత్తేవాడు హీరో అన్నమాట, మిగతావాళ్ళు పక్క పాత్రలు. నాకు ఈ సినిమా ఇంతకుముందు రెండుసార్లు చూసినా ఈ యాంగిల్ తట్టలేదు.

పైన ఇంకో ఫోన్ ఎక్కడ్నుంచి వచ్చింది, అదే లైన్ అయితే ఎలా మోగుతుంది అని నేను అడిగా. ఆ హాస్టల్ చూసుకునే ముసలావిడకి వేరే నంబర్ ఉంటుంది, అది సినిమాలోనే ఉంది, సరిగ్గా చూడమన్నాడు. నిజమే ఉంది. రేటింగ్ 5కి 4.5, ఆ అర మార్కు ఎందుకు తీశానంటే మధ్యలో పోలీసు కామెడీ కొంచెం సాగుతుంది. ఇదే బాబ్ క్లార్క్ తొమ్మిదేళ్ళ తర్వాత క్రిస్మస్ మీదే పిల్లల కామెడీ సినిమా తీశాడు, అమెరికాలో ఇళ్ళల్లో ప్రతి డిసెంబర్‌లో అదే పెట్టుకుంటారు, మనిషికి క్రిస్మస్‌తో ఏం లెక్కలున్నాయో మరి.

తర్వాత రోజు వెన్ ఎ స్ట్రేంజర్ కాల్స్, 1979. ఇది వింత సినిమా. మొదటి ఇరవై నిమిషాలు ప్రపంచంలో ఇంకెవ్వరూ తీయలేనంత బాగుంటుంది, ఆ తర్వాత గంటా పది నిమిషాలు ఎవరో వేరేవాళ్ళు తీసినట్టు ఉంటుంది. నిజానికి ఆ మొదటి ముక్క ముందు ఒక షార్ట్ ఫిల్మ్, ఫ్రెడ్ వాల్టన్ దాన్నే పెంచి సినిమా చేశాడు, అతుకు కనబడుతుంది. బేబీ సిట్టర్ అమ్మాయి ఒక డాక్టరు గారింట్లో ఒంటరిగా ఉంటుంది, పిల్లలు మేడ మీద పడుకున్నారు, ఫోన్ వస్తుంది, "పిల్లల్ని చూశావా?" అంతే. తిట్టడు, అరవడు. మళ్ళీ కాసేపాగి అదే ప్రశ్న. కెరోల్ కేన్ ఆ అమ్మాయిగా చేసింది, ఆమె ఫోన్ వైపు చూసే చూపులతోనే సీన్ నడుస్తుంది. మనకి బేబీ సిట్టర్ కాన్సెప్ట్ లేదు కదా, నేను పెదనాన్నకి చెప్తుంటే "అంటే పెళ్ళికెళ్తూ పక్కింటి పిల్లకి అప్పజెప్పినట్టా" అన్నాడు, కరెక్టే. బ్లాక్ క్రిస్మస్ అరిచి భయపెట్టింది, ఇది నెమ్మదిగా అడిగి భయపెట్టింది, ఏది ఎక్కువ అంటే నాకు ఇదే. మొదటి ఇరవై నిమిషాలకి 5, మిగతాదానికి 2, చూసేవాళ్ళు ఇరవై నిమిషాలు చూసి ఆపేసినా నేనేం అనుకోను.

ఈ రెండూ చూశాక ఆయన ఒక మాట అన్నాడు, అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు కానీ ఆ తర్వాత ప్రతి సినిమాకీ అదే నాకు కొలబద్ద అయిపోయింది. "ఆ రోజుల్లో ఫోనెత్తగానే ఎక్కడ్నుంచి మాట్లాడుతున్నారు అనే అడిగేవాళ్ళంరా, ఎవరు అని తర్వాత." నిజమే కదా. మా ఇంట్లో కూడా అంతే, ట్రంక్ కాల్ అంటే ఊరి పేరు ముందు, తర్వాత మనిషి పేరు. ఫోన్ అంటే ఒక చోటు. గోడకి కట్టేసి ఉంటుంది, వైరు పట్టుకుని వెళ్తే అవతల ఇంకో గోడ వస్తుంది. వైరున్న కాలం హారర్ మొత్తం ఈ "ఎక్కడ్నుంచి" మీదే నడిచింది, దూరం అనుకున్నది దూరం కాదని తేలడమే భయం. మరి సెల్‌ఫోన్ వచ్చాక? ఎవడు ఎక్కడున్నాడో ముందే తెలీదు, బాత్రూమ్‌లో కూర్చుని ఆఫీస్‌లో ఉన్నా అంటాం. ఆ ప్రశ్నకి విలువ పోయింది. సినిమావాళ్ళు అప్పుడు ఇంకో ప్రశ్న పట్టుకున్నారు, అది తర్వాత చెప్తా.

మధ్యలో బాగా పాతదొకటి పెట్టా, సారీ రాంగ్ నంబర్, 1948, బ్లాక్ అండ్ వైట్. మొదట రేడియో నాటకంగా వచ్చి తెగ హిట్టయితే సినిమా తీశారు. బార్బరా స్టాన్‌విక్ మంచం దిగలేని డబ్బున్న ఆవిడ, ప్రపంచంతో ఆవిడకున్న సంబంధమల్లా పక్కనున్న ఫోనే. లైన్ క్రాస్ అయ్యి ఎవరో ఇద్దరు రాత్రి పదకొండుంపావుకి ఒక ఆడమనిషిని చంపే ప్లాన్ మాట్లాడుకోవడం వింటుంది. ఇక ఎవరికి ఫోన్ చేసినా నమ్మరు, ఆపరేటర్లు అటు ఇటు తిప్పుతారు. ఇది దెయ్యం సినిమా కాదు, అయినా ఈ లిస్టులో ఉండాలి. ఫ్లాష్‌బ్యాక్‌లో ఫ్లాష్‌బ్యాక్ వచ్చి మధ్యలో నాకు కొంచెం కన్ఫ్యూజ్ అయ్యింది, పెదనాన్నకి మాత్రం అస్సలు బోర్ కొట్టలేదు, తనూ మంచం మీదే ఉన్నాడు కదా, మంచం పక్కన బెల్లు మోగినప్పుడల్లా ఈయన చెయ్యి కూడా కదిలేది.

క్రాస్ టాక్ అనగానే ఆయనకి కథలు మొదలయ్యాయి. వానాకాలం జాయింట్లలోకి నీళ్ళు దిగితే పక్క లైన్ మాటలు సన్నగా వినబడేవట, ఒకావిడ అలా విని పక్క వీధిలో పెళ్ళి సంబంధం చెడిపోతోందని వాళ్ళకంటే ముందే తెలుసుకుందట. అన్నిటికంటే మంచిది ఈ కథ. ఒక పాత పెంకుటింట్లో రాత్రి పూట ఫోన్ ఒక్కసారి టింగుమనేదంట, ఎత్తితే ఎవరూ ఉండరు. ఆ ఇంట్లో పెద్దాయన అప్పటికి ఆర్నెల్ల కిందే పోయారు. వాళ్ళు శాంతి చేయించారు, పటానికి దండ మార్చారు, ఫోన్‌ని హాల్లోంచి వంటింట్లోకి మార్చారు, అక్కడా టింగుమంది. ఈయన వెళ్ళి స్తంభం ఎక్కి చూస్తే పాత లైన్, తీగలు వదులైపోయి సాయంత్రం గాలి మొదలయ్యాక ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, రాసుకున్నప్పుడల్లా కింద బెల్లు ఒక్క దెబ్బ కొడుతోంది. లాగి కట్టేశాడు, దెయ్యం పోయింది. "ఆ ఇంటావిడ మటుకు ఏడ్చింది రా" అన్నాడు. అదేంటి బాగుచేస్తే అంటే, "ఆయన చేస్తున్నాడనే అనుకుందిగా" అన్నాడు.

నేను వెంటనే ట్వైలైట్ జోన్ అనే పాత అమెరికన్ టీవీ సిరీస్‌లోని నైట్ కాల్ వెతికి పెట్టా, ఇది సినిమా కాదు, పాతిక నిమిషాల టీవీ ఎపిసోడ్. నిజానికి 1963 నవంబర్ 22న రావాల్సింది, ఆ రోజే కెన్నెడీని కాల్చేశారు, వాయిదా పడి తర్వాతి ఫిబ్రవరిలో వేశారు. ఒంటరి ముసలావిడ, రాత్రి ఫోన్లు, మొదట గరగర శబ్దం, తర్వాత మెల్లగా ఒక గొంతు హలో అంటుంది. ఫోన్ కంపెనీ వాళ్ళు వెతికితే గాలివానకి తెగిన తీగ ఒకటి ఎక్కడ పడి ఉందో తెలుస్తుంది. అక్కడ్నుంచి చివరి రెండు నిమిషాలు నేను చెప్పను, చూడండి. భయం కంటే దిగులు ఎక్కువ. పెదనాన్న ఏం కామెంట్ చేయలేదు. మాట్లాడకుండా ఉండటం అంటే 5కి 5 అని నేను రాసుకున్నా.

స్క్రీమ్ గురించి రాయడానికి ఏముంది, అందరూ చూసేసిందే, 1996, ఆ ఓపెనింగ్ సీన్, ఇంట్లో ఒంటరిగా డ్రూ బారీమోర్, పాప్‌కార్న్, ఫోన్‌లో హంతకుడు. ఇప్పుడు మళ్ళీ చూస్తే నాకు కొత్తగా కనిపించింది ఒకటే, అక్కడ ఫోన్ కార్డ్‌లెస్. ఆ పిల్ల ఫోన్ చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది, వాడి గొంతు కూడా ఆమెతోపాటు గది గదికీ తిరుగుతుంది. ఆ గొంతు ఇచ్చిన రోజర్ జాక్సన్‌ని షూటింగ్‌లో నటులకి కనబడకుండా దాచిపెట్టి, నిజంగానే ఫోన్‌లో మాట్లాడించారు, అందుకే ఆ అమ్మాయి రియాక్షన్ అంత ఒరిజినల్‌గా ఉంటుంది. ఇంకో తమాషా, ఒక కుర్రాడి జేబులోంచి సెల్‌ఫోన్ కింద పడితే పోలీసులు అనుమానంతో పట్టుకుపోతారు. అప్పటికి మన దేశంలో సెల్‌ఫోన్ వచ్చి ఏడాది, జేబులో సెల్ ఉందంటే మన దగ్గర కూడా వీడెవడ్రా అనే చూసేవాళ్ళు, కాకపోతే అనుమానంతో కాదు, కుళ్ళుతో. పెదనాన్నకి ఈ సినిమా నచ్చలేదు. "అందరూ సినిమాల గురించే మాట్లాడుకుంటారేంట్రా, చచ్చేముందు కూడా" అన్నాడు. అదే కదా దాని పాయింట్ అని చెప్పబోయి ఊరుకున్నా. 4.

ఇక ఆసియా వైపు. కొరియా వాళ్ళ ఫోన్, 2002. ఒక జర్నలిస్టు బెదిరింపులు తట్టుకోలేక నంబర్ మార్చుకుంటుంది, ఆ కొత్త నంబర్‌కి దెయ్యం ఉంటుంది. ఐడియా బాగుంది, ఎందుకంటే మనకి కూడా కొత్త సిమ్ తీసుకుంటే పాత ఓనర్ తాలూకు లోన్ రికవరీ వాళ్ళు ఫోన్లు చేసి చంపుతారు, అది హారర్ కాదా. సినిమా మొత్తం కథ కొంచెం సీరియల్‌లా మెలికలు తిరుగుతుంది కానీ ఒక చిన్న పిల్ల ఉంది చూడండి, ఆ ఫోన్ చెవిలో పెట్టుకుని విన్నాక ఆ పిల్ల మారిపోతుంది, వాళ్ళ నాన్న వైపు ఒక పెద్దావిడ చూసినట్టు చూస్తుంది. అంత చిన్న పిల్ల చేత అంత ఎలా చేయించారో అని నాకు సినిమా భయం కంటే ఆ భయం ఎక్కువైంది. పెద్దమ్మ నీళ్ళు తాగడానికి వచ్చి సరిగ్గా ఆ సీన్ చూసి "పిల్లల చేత ఇవేం పనులు" అని టీవీ ఆపేయించబోయింది. 3.5, అందులో మూడు ఆ పిల్లకే.

అన్నిటికంటే నేను ఆసక్తిగా మళ్ళీ చూసింది జపాన్ వాళ్ళ వన్ మిస్డ్ కాల్, తకాషి మీకే తీశాడు, 2003. మీ ఫోన్‌కి మిస్డ్ కాల్ వస్తుంది, మీ నంబర్ నుంచే. వాయిస్ మెయిల్ ఉంటుంది, తేదీ చూస్తే ఇంకా రాని రోజు. వింటే మీ గొంతే, ఏదో మామూలు మాట, ఆ వెంటనే మీ అరుపు. ఆ రోజు ఆ టైమ్ వచ్చేసరికి మీరు అదే మామూలు మాట మీకు తెలీకుండా అనేస్తారు. ఇదీ నేను చెప్తానన్న రెండో ప్రశ్న. వైరు పోయాక "ఎక్కడ్నుంచి" అని భయపెట్టలేం, కాబట్టి "ఎప్పట్నుంచి" అని భయపెట్టారు. ఈ సినిమాలో కాల్ వచ్చేది వేరే ఊరి నుంచి కాదు, ఎల్లుండి నుంచి. పెదనాన్నతో అన్నా ఈ మాట, "సరే మరి ఎస్టీడీ కోడ్ ఏంటి దానికి" అన్నాడు.

మన తెలుగోళ్ళకి ఈ టైటిలే ఒక జోకు కానీ. సరిగ్గా ఆ 2003లోనే మన దగ్గర ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యింది, చేసేవాడికే డబ్బు, అందుకని ఒక జాతి మొత్తం మిస్డ్ కాల్‌ని భాషగా మార్చేసుకుంది. మా హాస్టల్లో ఒక రింగ్ ఇస్తే క్షేమంగా చేరాను, రెండిస్తే నువ్వు చెయ్యి, మూడిస్తే డబ్బులైపోయాయి. మా అమ్మ ఇప్పటికీ ఇస్తుంది, అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉన్నా. కాబట్టి వన్ మిస్డ్ కాల్ అనగానే మన బుర్రకి తట్టేది చావు కాదు, ఎవడో బ్యాలెన్స్ లేనివాడు. అందుకే మొదటి పావుగంట నాకు నవ్వొచ్చింది, ఆ రింగ్‌టోన్ వచ్చేదాకా. బుల్లి మ్యూజిక్ బాక్స్ లాంటి ట్యూన్, పిల్లల పాటలా ఉంటుంది, సినిమా అయ్యాక కూడా చెవిలోంచి పోదు. అన్నట్టు ఈ కథ రాసిన యాసుషి అకిమోతోనే తర్వాత ఏకేబీ48 అనే డజన్ల మంది అమ్మాయిల పాటల గ్రూప్ పెట్టి జపాన్‌ని ఊపేశాడు, మనసులో అతుక్కునే ట్యూన్ ఎలా ఉండాలో ఆయనకి బాగా తెలుసన్నమాట.

ఇందులో టీవీ ఛానెల్ ఎపిసోడ్ ఒకటుంది, నాకైతే అదే సినిమా. ఒకమ్మాయికి కాల్ వచ్చిందని తెలిసి ఛానెల్ వాళ్ళు ఆమెని స్టూడియోలో కూర్చోబెట్టి, దెయ్యం వదిలించే ఆయన్ని పక్కన పెట్టి, చావు టైమ్‌కి కౌంట్‌డౌన్ వేసి లైవ్ ఇస్తారు. 2003లో అది వెటకారం అయ్యుంటుంది, ఇప్పుడు మన న్యూస్ ఛానెళ్ళు చూసేవాడికి మామూలు మంగళవారం. చివరి అరగంట మాత్రం, నిజం చెప్పాలంటే నాకు అర్థం కాలేదు, పాడుబడ్డ హాస్పిటల్, తల్లీ కూతుళ్ళ కథ, ఎవరు దెయ్యమో ఎవరు కాదో, రెండుసార్లు చూసినా అంతే. 4 ఇస్తా. దీన్ని హాలీవుడ్ వాళ్ళు 2008లో రీమేక్ చేశారు, రాటెన్ టొమాటోస్ అనే రివ్యూల సైట్‌లో సున్నా శాతం, ఉత్తినే అతిశయోక్తి కాదు నిజంగా సున్నా. మేం ఇరవై ఐదు నిమిషాలు చూసి ఆపి పెద్దమ్మ చేసిన పెసరట్లు తిన్నాం.

మళ్ళీ కొరియా వాళ్ళదే ద కాల్, 2020, నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, ఇది తప్పక చూడండి. ఫోన్ పోగొట్టుకున్న అమ్మాయి పాత ఇంటికి వచ్చి అక్కడ దొరికిన కార్డ్‌లెస్ ఫోన్ పెడుతుంది, అందులో ఒకమ్మాయి ఫోన్ చేస్తుంటుంది, అదే ఇంట్లోంచి, కానీ 1999 నుంచి. ఇక్కడ "ఎక్కడ్నుంచి" కూడా ఉంది "ఎప్పట్నుంచి" కూడా ఉంది, రెండూ కలిపేశాడు డైరెక్టర్, అదీ మొదటి సినిమాకే. ఇద్దరూ మొదట స్నేహితులవుతారు, ఆ భాగం చాలా ముచ్చటగా ఉంటుంది, పాటల గురించి మాట్లాడుకుంటారు, ఈమె ఇంటర్నెట్‌లో చూసి ఆమెకి రాబోయేవి చెప్తుంది. ఆ తర్వాత సంగతి తిరగబడుతుంది. జోన్ జోంగ్‌సో అనే నటి 1999 అమ్మాయిగా చేసింది, దానికి కొరియాలో బెక్సాంగ్ అనే సినిమా అవార్డు వచ్చింది, రాకపోతే అన్యాయం. గతంలో ఉన్నది శత్రువైతే నువ్వు ఏం చేయగలవు, ఆమె అక్కడ ఒక గోడ పగలగొడితే నీ గోడ ఇక్కడ నీ కళ్ళముందే మారిపోతుంది, తలుపేసుకుని లాభం లేదు. 4.5. చివర్లో టైటిల్స్ పడ్డాక లేచిపోకండి, ఇంకో ముక్క ఉంది, నేను అది మొదటిసారి మిస్సయ్యా.

పెదనాన్న అభ్యంతరం మాత్రం రాయాలి లేకపోతే ఊరుకోడు. కార్డ్‌లెస్‌కి ఇంటి కరెంట్ కావాలి. మామూలు ల్యాండ్‌లైన్‌కి అక్కర్లేదు, దానికి ఎక్స్‌ఛేంజిలో బ్యాటరీల నుంచి 48 వోల్టులు వైర్లోనే వస్తుంది, అందుకే ఊరంతా చీకటైనా ఫోన్ పనిచేస్తుంది. మోగేటప్పుడు ఇంకా ఎక్కువ వస్తుందట, డెబ్బై ఐదు దాకా, స్తంభం మీద లైన్ రెండు చేతుల్తో పట్టుకుని ఉండగా ఎవరైనా ఆ నంబర్‌కి చేస్తే తెలుస్తుంది అన్నాడు. ఈయనకి ఒకసారి తెలిసింది, పై నుంచి పడబోయాడు. "అప్పుడు ఎవరు చేశారో ఇప్పటికీ తెలీదురా, నా జీవితంలో హారర్ ఫోన్ అంటే అదే" అన్నాడు. నిజంగా ఎవరైనా సినిమా తీయొచ్చు.

మలయాళం చతుర్ముఖం కూడా చూశాం, 2021, మంజు వారియర్, స్మార్ట్‌ఫోన్‌లో దెయ్యం. ఆమె బాగా చేసింది, సెల్ఫీల పిచ్చిని కథలోకి తెచ్చిన పద్ధతి కూడా బాగుంది, కానీ పెదనాన్న ఇంటర్వెల్ లోపే గురక. వైరు లేదు కదా. నాకు అది చూస్తుంటే మాధవన్ 13బి గుర్తొచ్చింది, అందులో మెయిన్ దెయ్యం టీవీలో ఉంటుంది కానీ అంతకుముందే ఆ ఇంట్లో సెల్‌ఫోన్‌తో తీసిన అతని ఫొటోలు మాత్రమే వంకరపోతుంటాయి. చిన్న ముక్కే, నాకు సినిమా మొత్తంలో అదే గుర్తుంది. తీసింది మన "మనం" సినిమా డైరెక్టర్ విక్రమ్ కుమారే. ఆయన తెలుగులో నిజంగా ఒక ఫోన్ హారర్ తీస్తే బాగుండు, పాత ఎస్టీడీ బూత్‌లో, ఆ గాజు తలుపు, ఎర్ర అంకెల మీటర్, బయట క్యూలో నిలబడి మనవైపే చూసేవాడు. ఇంత రెడీమేడ్ లొకేషన్ పెట్టుకుని మనవాళ్ళు ఇంకా పాడుబడ్డ బంగళాలకే పోతారు.

చివరిగా ద బ్లాక్ ఫోన్. స్కాట్ డెరిక్సన్ తీశాడు, 2022లో థియేటర్లకి వచ్చింది, జో హిల్ రాసిన చిన్న కథ, 1978లో డెన్వర్. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు ఒక కుర్రాణ్ణి సెల్లార్‌లో పడేస్తాడు, గోడకి నల్ల ఫోన్, వైరు తెగి వేలాడుతూ ఉంటుంది. అది మోగుతుంది. చేసేది ఇంతకుముందు అదే గదిలో చచ్చిపోయిన పిల్లలు. ఇక్కడ మొత్తం తిరగేశారు, ఫోన్‌ భయం కాదు, బయట ఉన్న మనిషి భయం, ఫోన్ ఒక్కటే వీడి పక్షం. ఆ పిల్లలకి కొందరికి తమ పేరు కూడా గుర్తుండదు, పేరు ముందు పోతుందంట, ఆ సీన్ దగ్గర నాకు గొంతు పట్టేసింది. ఈథన్ హాక్ మాస్కులో భలే అసహ్యంగా ఉంటాడు. చెల్లెలి కలల ట్రాక్ నాకు కొంచెం కన్వీనియంట్‌గా అనిపించింది, 4.

తెగిన వైరు చూసి ఈయన ఊరుకోడు, ఏదో అంటాడు అని ఎదురు చూశా. 48 వోల్టులు ఎక్కడ్నుంచి వచ్చాయి అంటాడేమో అనుకున్నా. సినిమా అయిపోయింది, ఏం అనలేదు. నేనే అడిగా, తెగిన లైన్ ఎలా మోగుతుంది పెదనాన్నా అని. "పెంకుటింటి ఆవిడని అడుగు" అని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కాఫీ తాగకముందే బ్లాక్ క్రిస్మస్‌లో ఎక్స్‌ఛేంజి సీన్ ఒక్కటే కట్ చేసి ఇమ్మన్నాడు. ఫోన్‌తో టీవీని రికార్డ్ చేసి ఇచ్చా, రిటైర్డ్ టెలిఫోన్స్ వాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు, డెబ్బై దాటినవాళ్ళు నలభై మంది ఉంటారు అందులో. హీరోయిన్ ఎవరు, సినిమా ఏంటి, హంతకుడు ఎవడు అని ఒక్కళ్ళు అడగలేదు. ఆ ర్యాకులు స్ట్రౌజరా క్రాస్‌బారా (పాత ఎక్స్‌ఛేంజిల్లో రెండు రకాలు) అని మొదలుపెట్టారు, వాయిస్ మెసేజ్‌లు, పాత ట్రైనింగ్ పుస్తకాల ఫొటోలు, ఒకాయన అలిగి గ్రూప్‌లోంచి వెళ్ళిపోతే మళ్ళీ చేర్చారు. నేను హైదరాబాద్ వచ్చేసి వారమైంది, నిన్న రాత్రి కూడా పెదనాన్న ఫోన్ చేసి ఆ సీన్‌లో టకటకల్ని ఇంకొంచెం క్లియర్‌గా వినబడేట్టు చేసి పంపమన్నాడు, సౌండ్ బట్టి చెప్పేస్తానంటున్నాడు.